ప్రతీక భంగమైన చోట: వయస్సంధి కథలో అమాయకత్వ నష్టం
(జేమ్స్ జాయిస్ ‘ఆరబీ’ కథ ఆధారంగా స్మారకోపన్యాసం)

కథను జీవితాంతం చదివి, చదివించి, తరగతి గదిలో దానిని ఒక సజీవ చర్చగా నిలిపిన ఆచార్యుని స్మృతికి అంకితమైన ఈ సభలో ఆయన సహాధ్యాపకులు, శిష్యులు, కుటుంబ సభ్యులు, కథకులు, సాహిత్యాభిమానులు ఒక్కచోట కూడి ఉండటం ఈ ఉపన్యాసానికి గౌరవంతో పాటు బాధ్యతను కూడా కలిగిస్తున్నది. గతించిన పెద్దల గుణగణాలను కీర్తించడం స్మారక సభల్లో సంప్రదాయమే అయినా, వారు జీవితకాలమంతా ఏ ప్రశ్నల చుట్టూ ఆలోచించారో ఆ ప్రశ్నలను మరొక అడుగు ముందుకు తీసుకుపోవడం అంతకంటే ఉచితమైన నివాళి అవుతుంది. కథలోని మాట చెప్పేదేమిటి, చెప్పకుండా తోపింపజేసేదేమిటి అన్నది ఆ ఆచార్యుని అధ్యాపనకు కేంద్రమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు అనుబంధంగా ఒక అంశాన్ని ఈ ఉపన్యాసం విచారిస్తుంది.

బాల్యం ముగిసి యౌవనం ఇంకా పూర్తిగా మొదలుకాని సంధికాలాన్ని మన ప్రబంధకవులు వయస్సంధి అన్నారు. ప్రబంధాలలో అది ప్రధానంగా నాయిక శరీరంలో వచ్చే మార్పుల వర్ణనకు ఒక సందర్భం కాగా, ఆధునిక కథ దానిని మనస్సులో జరిగే మార్పుగా, ఒక వ్యక్తికీ లోకానికీ మధ్య ఉన్న సంబంధం తలకిందులయ్యే ఘట్టంగా స్వీకరించింది. ఇక్కడ వయస్సంధి కథ అంటే ఈ రెండవ అర్థంలోనే గ్రహించాలి. అటువంటి కథలను గురించి మాట్లాడేటప్పుడు విమర్శ సాధారణంగా రెండు శీర్షికలు పెట్టుకుంటుంది: అమాయకత్వ నష్టాన్ని ఇతివృత్తం కింద, ప్రతీకలను శిల్పం కింద విడివిడిగా చర్చించి, రెండవది మొదటిదానికి అలంకారమన్నట్టు వ్యవహరిస్తుంది.

ఈ ఉపన్యాసం ప్రతిపాదించదలచినది ఈ విభజన సరైనది కాదని. ఉత్తమమైన వయస్సంధి కథలో ఈ రెండూ ఒకే సంఘటనకు రెండు పేర్లు. బాలుడు లోకంలోని వస్తువులకు తన ఆశతో అర్థాలను కల్పించుకుంటాడు. ఆ అర్థాలు వస్తువులలోనే ఉన్నాయని నమ్ముతాడు. ఆ నమ్మకమే అమాయకత్వం. వస్తువూ అర్థమూ ఒకదాని నుంచి ఒకటి విడిపోయిన క్షణంలో, అంటే ప్రతీక భంగమైన క్షణంలో, బాల్యం ముగుస్తుంది. అందువల్ల అమాయకత్వ నష్టానికి ఒక దుర్మార్గుడు గానీ, ఒక నేరం గానీ, ఒక మరణం గానీ తప్పనిసరి కాదు. దీపాలు ఆరిపోతున్న ఒక సంతలో, కొనలేని ఒక పూలకుండీ ముందు, ఎవరూ ఎవరికీ ఏ హానీ తలపెట్టకుండానే అది జరిగిపోవచ్చు. ఈ ప్రతిపాదనకు ఆధారంగా ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ రాసిన ‘ఆరబీ’ కథను ప్రధానంగానూ, అమెరికా నల్లజాతి రచయిత్రి యూజీనియా కోలియర్ రాసిన ‘మేరీగోల్డ్స్’ కథను దానికి తోడుగానూ పరిశీలించవలసి ఉన్నది.

బాల్యం అమాయకమైనదన్న భావన నేటి పాఠకులకు స్వతస్సిద్ధంగా కనిపించినా, పాశ్చాత్య చింతనలో దానికి దీర్ఘమైన, వివాదాస్పదమైన చరిత్ర ఉన్నది. సెయింట్ ఆగస్టీన్ నాటి నుంచి క్రైస్తవ వేదాంతంలో బలంగా నిలిచిన అభిప్రాయం ప్రకారం శిశువు ఆదిపాపంతోనే పుడుతుంది. ఆది దంపతుల అవిధేయత వల్ల మానవజాతికంతటికీ సంక్రమించిన కళంకం ఆ శిశువులోనూ ఉన్నందున, దానిని జ్ఞానస్నానంతో, శిక్షణతో, పశ్చాత్తాపంతో తొలగించవలసి ఉంటుంది. 1762లో వెలువడిన ‘ఎమీల్’ గ్రంథంలో రూసో ఈ దృష్టిని తలకిందులు చేసి, మనిషి మంచివాడిగానే పుడతాడనీ, సమాజమే అతన్ని చెడగొడుతుందనీ వాదించాడు. ఆంగ్లకవి విలియం బ్లేక్ 1789లో అమాయకత్వ గీతాలను వెలువరించి, 1794లో అనుభవ గీతాలను వాటికి జతచేసినప్పుడు, ఈ రెండు స్థితులూ మానవాత్మకు చెందిన పరస్పర విరుద్ధ స్థితులని సూచించాడు. జాయిస్ పెరిగిన ఐరిష్ కాథలిక్ సమాజంలో ఈ రెండు వారసత్వాలూ పక్కపక్కనే ఉన్నాయి: పాపభీతిని నేర్పే పాఠశాల ఒకవైపు, బాల్యాన్ని స్వర్గంగా ఊహించే కాల్పనిక కవిత్వం మరొకవైపు. ‘ఆరబీ’లోని బాలుడు ఈ రెండింటి మధ్యనే నిలబడి ఉన్నాడని గుర్తించకపోతే కథాంతంలో అతడు తనకు తాను వేసుకొన్న శిక్ష అర్థం కాదు.

ఎదుగుదలను చిత్రించే సాహిత్యానికి మొదట రూపమిచ్చినది నవల. 1795, 1796 సంవత్సరాలలో వెలువడిన గేటే నవల ‘విల్‌హెల్మ్ మైస్టర్ శిక్షణకాలం’తో జర్మన్ సాహిత్యంలో బిల్డుంగ్స్‌రోమాన్ అనే ప్రక్రియ స్థిరపడింది, ఒక యువకుడు భ్రమలలో పడి, తప్పులు చేసి, నేర్చుకొని, చివరకు సమాజంలో తనకు తగిన స్థానాన్ని చేరుకొనే క్రమాన్ని చిత్రించే వికాస నవల అని దీని అర్థం. ఈ ప్రక్రియకు రెండు ఆధారాలు అవసరం. మొదటిది కాలం, అంటే నష్టాన్ని లాభంగా మార్చుకోవడానికి చాలినన్ని సంవత్సరాలు. రెండవది యువకుడు రాజీపడదగిన ఒక సమాజం. కథానికకు మొదటి ఆధారం లేదు. కొన్ని పుటలలో ముగిసే ప్రక్రియ గనుక అది వికాస క్రమాన్ని చూపలేక, ఆ క్రమం విరిగే ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. ఇక పరాయి పాలనలో ఉన్న దేశంలో రెండవ ఆధారం కూడా అనుమానాస్పదమే అవుతుంది; తనది కాని అధికారం కింద, తనది కాని భాషలో, తనది కాని సరుకుల మధ్య పెరిగే బాలుడు ఏ సమాజంతో రాజీపడి పెద్దవాడు కావాలి? ఈ ప్రశ్నను కథానిక అనే చిన్న రూపంలో నిలిపినందువల్లనే జాయిస్ కథలు వాటి పరిమాణాన్ని మించిన చరిత్రను మోస్తున్నాయి.

1882లో డబ్లిన్‌లో పుట్టిన జాయిస్, 1904లో దేశం విడిచి వెళ్ళి, అప్పటి ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యంలో భాగమైన ట్రియెస్టె నగరంలో ఆంగ్లం బోధిస్తూ, 1905లో ఈ కథను రాశాడు. పదిహేను కథల సంపుటి ‘డబ్లినర్స్’లో ఇది మూడవది. ఆ సంపుటిని తన దేశపు నైతిక చరిత్రలో ఒక అధ్యాయంగా తాను ఉద్దేశించానని, బాల్యం, యౌవనం, ప్రౌఢత్వం, ప్రజాజీవితం అనే క్రమంలో కథలను అమర్చానని జాయిస్ తన ప్రచురణకర్తకు రాసిన ఉత్తరంలో వివరించాడు. గ్రాంట్ రిచర్డ్స్ అనే లండన్ ప్రచురణకర్త 1906లో అంగీకరించి వెనక్కు తగ్గడం, డబ్లిన్‌లోని మాన్సెల్ సంస్థ కోసం అచ్చయిన ప్రతులను 1912లో ముద్రాపకుడే ధ్వంసం చేయడం, చివరకు 1914 జూన్‌లో అదే గ్రాంట్ రిచర్డ్స్ దానిని వెలువరించడం సాహిత్య చరిత్రలో ప్రసిద్ధమైన విషయాలు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడిందన్న సంగతిని ఇక్కడ జ్ఞాపకం చేసుకుంటే, ఒకే సామ్రాజ్యపు రెండు కొనలలో, ఒకే దశాబ్దంలో, ఆధునిక కథానిక సమాజాన్ని ప్రశ్నించే సాధనంగా రూపుదిద్దుకుంటున్నదని తెలుస్తుంది. ఒకరి ప్రభావం మరొకరిపై ఉన్నదని దీని తాత్పర్యం కాదు. ఆ కాలం రెండు చోట్లా కథ నుంచి ఒకే విధమైన నిజాయితీని కోరిందని మాత్రమే.

కథాకాలపు డబ్లిన్ ఓడిపోయిన రాజధాని. 1801లో అమలులోకి వచ్చిన ఐక్యతా చట్టంతో దాని పార్లమెంటు రద్దయింది. 1845 నుంచి కొన్నేళ్ళపాటు సాగిన మహాక్షామంలో సుమారు పది లక్షల మంది మరణించగా, దాదాపు మరో పది లక్షల మంది ఓడలెక్కి వలసపోయారు. స్వపరిపాలన ఉద్యమానికి నాయకత్వం వహించిన పార్నెల్ 1890లో పతనమై, 1891లో మరణించిన తరువాత, దేశ రాజకీయాలలో నిస్పృహ అలముకొన్నది. జాయిస్ ఆ సంపుటి అంతటా చిత్రించిన పక్షవాతం, అంటే కదలాలన్న కోరిక ఉన్నా కదలలేని స్థితి, ఈ చరిత్ర నుంచి పుట్టినదే. ఆ నగరంలోని పెద్దవారు తమ ఆశల శిథిలాలలో నివసిస్తుండగా, పిల్లలు ఆ శిథిలాలను ఆటస్థలాలుగా చేసుకొని పెరిగారు.

కథాంశం చాలా స్వల్పమైనది. నార్త్ రిచ్‌మండ్ వీధిలో అత్తమామల ఇంట పెరుగుతున్న ఒక బాలుడు, తన స్నేహితుడు మాంగన్ అక్క పట్ల ఆకర్షితుడవుతాడు. బాలునికీ ఆమెకూ కూడా కథలో పేరు లేదు. ఒకనాడు ఆమె అతనితో మాట్లాడి, ఆరబీ అనే సంతకు వెళతావా అని అడుగుతుంది. తన కాన్వెంటులో ధ్యానదినాలు ఉన్నందున తాను వెళ్ళలేనని చెబుతుంది. వెళితే ఆమెకు ఏదైనా తెస్తానని అతడు మాట ఇస్తాడు. ఆ మాట అతని నిద్రను, చదువును, దినచర్యను మింగివేస్తుంది. సంతకు వెళ్ళవలసిన శనివారం రాత్రి, డబ్బు ఇవ్వవలసిన మామ తొమ్మిది గంటలకు గానీ ఇల్లు చేరడు. సంత సంగతే మరచిపోయి ఉంటాడు. చివరకు ఒక ఫ్లోరిన్ నాణెంతో రైలెక్కి, పది గంటలకు పది నిమిషాలుండగా అక్కడికి చేరిన బాలునికి మూసివేస్తున్న దుకాణాలు, ఆరిపోతున్న దీపాలు ఎదురవుతాయి. అతడు ఏమీ కొనడు. చీకటిలోకి చూస్తూ తన గర్వం చేతిలో తాను నవ్వులపాలైనట్టు గ్రహించడంతో కథ ముగుస్తుంది.

ఇంత స్వల్పమైన కథ ఇంత లోతు ఎలా సంతరించుకొన్నదో వివరించడానికి మన కావ్యశాస్త్రం చక్కని సాధనాన్ని ఇస్తున్నది. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో, మాటకు ఉన్న నేరు అర్థాన్ని తెలిపే అభిధ, దానికి అంటిన అర్థాన్ని తెలిపే లక్షణ చాలవనీ, రెండింటికీ అతీతమైన అర్థాన్ని స్ఫురింపజేసే వ్యంజన అనే శక్తి ఉన్నదనీ నిరూపించి, ఆ స్ఫురించే అర్థమైన ధ్వనినే కావ్యానికి ఆత్మగా నిలిపాడు. ధ్వని సహృదయుని మనస్సులో పూర్తవుతుంది, నిఘంటువులో దొరకదు. ఆపిల్ చెట్టు అంటే ఏదెను తోట, చీకటి అంటే అజ్ఞానం అంటూ ప్రతీకలను తాళంచెవుల గుత్తిలా విద్యార్థుల చేతికిచ్చే బోధనాపద్ధతి ఈ మౌలిక సత్యాన్ని మరచిపోతున్నది. ప్రతీకను గురించి అడగవలసిన మొదటి ప్రశ్న, దానిని కల్పించినది ఎవరు అన్నది. ఆ ప్రశ్న వేసినప్పుడు ‘ఆరబీ’లో మూడు రకాల ప్రతీకలు వేరువేరుగా కనిపిస్తాయి: బాలుడు కల్పించుకొన్నవి, సమాజం తయారుచేసి అతనికి అందించినవి, రచయిత నిలిపినా బాలునికి కనిపించనివి.

మొదటి రకానికి ఉదాహరణ మధుపాత్ర. శనివారం సాయంత్రాలలో అత్త వెంట సామాను మోయడానికి బజారుకు వెళ్ళినప్పుడు, తాగినవారి తోపులాట, బేరమాడే స్త్రీల గొడవ, కూలివారి తిట్లు, వీధిగాయకులు పాడే దేశభక్తుల పాటల మధ్య, ఆ బాలుడు తన ప్రేమను శత్రువుల గుంపులోంచి జాగ్రత్తగా మోసుకుపోతున్న పవిత్ర పాత్రగా భావించుకుంటాడు. కాథలిక్ పూజావిధిలో క్రీస్తు రక్తంగా విశ్వసించే ద్రాక్షారసాన్ని ఉంచే పాత్ర అది. మధ్యయుగపు వీరగాథలలో యోధులు అన్వేషించిన పాత్ర కూడా అదే. బాలునికి ప్రేమను చెప్పడానికి సొంత భాష లేదు. గుడి నుంచి ఒక భాషను, వీరగాథ నుంచి మరొక భాషను అరువు తెచ్చుకొని, తన పెదవులపైకి వచ్చే ప్రార్థనలు తనకే అర్థం కాకపోయినా, ఆమె పేరును వాటితో కలిపి ఉచ్చరిస్తాడు. ఇందులో నవ్వదగినది ఏమీ లేదు. మురికి వీధిలో ఒక విలువైన దానిని కాపాడుకోవాలన్న సంకల్పం నిజమైనది. దానికి తొడిగిన రూపం మాత్రమే పరాయిది. అమాయకత్వమంటే అజ్ఞానమని అనుకొనే వారికి ఈ ఘట్టం సమాధానం చెబుతుంది: బాలునికి బజారు స్వరూపం బాగా తెలుసు, దాని వాసనా శబ్దమూ తెలుసు, అయినా తన లోపలి అర్థం దానికంటే బలమైనదని అతడు నమ్ముతాడు.

రెండవ రకం ప్రతీక సంత. ఇది కల్పన కాదు. 1894 మే నెలలో డబ్లిన్ శివారులోని బాల్స్‌బ్రిడ్జిలో, జెర్విస్ వీధి ఆసుపత్రి సహాయార్థం, ప్రాచ్యదేశపు ఉత్సవంగా ప్రచారం చేసి ఆరబీ పేరిట ఒక పెద్ద సంతను నిజంగానే నిర్వహించారు. జాయిస్ కుటుంబం 1890ల మధ్యకాలంలో నార్త్ రిచ్‌మండ్ వీధిలోనే నివసించింది. ఆ పేరులోని అక్షరాలే బాలునిపై ప్రాచ్యదేశపు మాయను వ్యాపింపజేశాయి. తూర్పుదేశపు పాఠకులు ఈ ఘట్టాన్ని మరింత శ్రద్ధగా చదవవలసి ఉన్నది. అరేబియాను, పారశీకాన్ని, భారతదేశాన్ని సుగంధాలతోనూ పట్టుబట్టలతోనూ నిండిన స్వప్నంగా చిత్రించి అమ్మిన వ్యాపారం, ఆ దేశాలను పాలించిన లేదా లొంగదీసిన అధికారపు నీడలోనే వర్ధిల్లింది. అదే అధికారం కింద ఉన్న ఒక ఐరిష్ బాలుడు తన విముక్తిని ఊహించుకోవలసి వచ్చినప్పుడు, మరో పరాధీన ప్రపంచాన్ని గురించి పాలకుల అంగడి తయారుచేసిన బొమ్మనే ఆశ్రయించవలసి వచ్చింది. నాయిక కుటుంబానికి జాయిస్ పెట్టిన మాంగన్ అనే పేరు ఇక్కడ అర్థవంతమవుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఐరిష్ కవి జేమ్స్ క్లారెన్స్ మాంగన్, తనకు రాని ప్రాచ్యభాషల నుంచి అనువదించానంటూ సొంత కవితలు అనేకం ప్రచురించాడు. ఆ కవిని గురించి జాయిస్ 1902లో విద్యార్థిగా ఉన్నప్పుడే ఉపన్యసించాడు. ఆ శనివారం రాత్రి ఇల్లు చేరిన మామ మత్తులో చదివి వినిపించబోయే పద్యం కూడా, తన గుర్రానికి వీడ్కోలు పలికే ఒక అరబ్బును గురించి కారొలైన్ నార్టన్ అనే ఆంగ్ల రచయిత్రి రాసినది. ఆ ఇంట్లో తూర్పు అన్నది ఎవరూ చూడని, అందరూ నోటికి నేర్చుకొన్న ఒక పాఠం.

మూడవ రకం ప్రతీకలు కథ మొదటి పేరాల నుంచే పరచుకొని ఉంటాయి. వీధి ఒకవైపు మూసుకుపోయినది. దాని చివర నివాసం లేని ఇల్లు. బాలుడు ఉండే ఇంట్లో అంతకు ముందు అద్దెకున్న మతగురువు వెనుకగదిలో మరణించాడు. ఆ గురువు విడిచిపోయిన మూడు పుస్తకాలలో ఒకటి వాల్టర్ స్కాట్ చారిత్రక నవల, మరొకటి భక్తిగ్రంథం, మూడవది దొంగగా మొదలై పోలీసు గూఢచారిగా మారిన విడోక్ అనే ఫ్రెంచివాని జ్ఞాపకాలు. బాలునికి మూడవది ఇష్టం, కారణం దాని పుటలు పసుపుపచ్చగా ఉండటం. ఇంటి వెనుక పెంపకం లేని తోట, దాని నడుమ ఒక ఆపిల్ చెట్టు, పొదలలో తుప్పుపట్టిన సైకిల్ పంపు. వీరగాథ, భక్తి, వంచన అనే మూడూ ఒకే గదిలో, ఒకే గురువు ఆస్తిగా, ఒకే తేమకు ముడతలుపడి ఉన్నాయన్న సంగతి బాలునికి తట్టదు, పాఠకునికి తడుతుంది. అమాయకత్వాన్ని జాయిస్ చిత్రించిన పద్ధతి ఇదే. బాలుడు అమాయకుడని కథకుడు ఎక్కడా చెప్పడు. అతడు చూస్తూ చదవలేకపోయిన వాటిని పాఠకుని ముందు పరుస్తాడు. ప్రతీకలను సృష్టించడంలో ఆరితేరిన బాలుడు వాటిని చదవడంలో ఇంకా నిరక్షరాస్యుడు.

ఈ మూడు రకాల ప్రతీకలూ ఒకదానితో ఒకటి ఢీకొనే స్థలం సంత. అక్కడికి చేరే మార్గాన్ని జాయిస్ నాణేల లెక్కతో, గడియారపు ముళ్ళతో నిర్మించడం గమనించదగినది. ఫ్లోరిన్ అంటే రెండు షిల్లింగులు. పిల్లలకుండే ఆరు పెన్నీల ప్రవేశద్వారం కనబడక, సంత మూసివేస్తారన్న భయంతో, బాలుడు ఒక షిల్లింగు చెల్లించి లోపలికి వెళతాడు. కలలోకి ప్రవేశించడానికే చేతిలోని సొమ్ములో సగం ఖర్చయింది. లోపల సగానికి పైగా చీకటి, ప్రార్థన ముగిసిన గుడిలో ఉండే నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పళ్ళెంలో నాణేలు లెక్కపెడుతున్న ఇద్దరు మనుషులు. మధుపాత్రను మోసుకొచ్చిన బాలునికి గుడి కనబడింది. అయితే ఆ గుడిలో జరుగుతున్న పూజ నాణేల పూజ. బైబిలులో దేవాలయం నుంచి వ్యాపారులను క్రీస్తు తరిమివేసిన సన్నివేశం ఇక్కడ ధ్వనిస్తున్నదని చాలామంది విమర్శకులు గుర్తించారు. గమనించవలసినది, ఆ సన్నివేశంలో తరిమేవాడు ఉన్నాడు. ఇక్కడ ఎవరూ లేరు.

పింగాణీ కుండీలు, పూల బొమ్మల టీ పాత్రలు అమ్మే ఒక దుకాణంలో ఒక యువతి ఇద్దరు యువకులతో ఇంగ్లండు యాసలో పొద్దుపోని కబుర్లాడుతూ ఉంటుంది. ఎవరో ఏదో అన్నారని ఒకరు, అనలేదని మరొకరు. ప్రేమను గురించి బాలుడు ఇంతకాలం ప్రార్థనాభాషలో ఊహించినదంతా, పెద్దల లోకంలో ఈ అర్థరహితమైన సరససంభాషణగా వినవస్తుంది. ఏమైనా కొంటావా అని ఆమె మొక్కుబడిగా అడుగుతుంది, అతడు వద్దంటాడు. దుకాణానికి ఇరువైపులా తూర్పుదేశపు కావలివారిలా నిలిచిన పెద్ద జాడీలు మాత్రమే ఆ ప్రాచ్యస్వప్నంలో మిగిలిన భాగం. జేబులో మిగిలినది ఆరు పెన్నీల నాణెం ఒకటి, విడి పెన్నీలు రెండు. ఇంత చిన్న మొత్తంపై ఒక జీవితపు మొదటి గొప్ప ఆశ నిలబడి ఉన్నదన్న సంగతి, ఏ విషాద వాక్యమూ లేకుండానే, ఆ చిల్లర చప్పుడు నుంచి పాఠకునికి అందుతుంది.

ఇటువంటి క్షణానికి జాయిస్ తన ‘స్టీఫెన్ హీరో’ రచనలో ఎపిఫనీ అనే పేరు పెట్టాడు. క్రైస్తవ సంప్రదాయంలో, తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులకు శిశువైన క్రీస్తు దర్శనమిచ్చినందుకు గుర్తుగా జనవరి 6న జరుపుకొనే పండుగ పేరు అది. దానిని జాయిస్, అతి సామాన్యమైన మాటలోనో చేష్టలోనో వస్తుస్వరూపం హఠాత్తుగా బయటపడే స్థితికి అన్వయించాడు. ఆ జ్ఞానులు తూర్పు నుంచి కానుకలతో బయలుదేరి వెలుగును చేరుకున్నారు. ఈ బాలుడు కానుక కోసం తూర్పు అనుకొన్న చోటికి వెళ్ళి, ఖాళీ చేతులతో చీకటిని చేరుకున్నాడు. అయినా ఇది సాక్షాత్కారమే, ఎందువల్లనంటే ఆ చీకటిలో అతనికి మొదటిసారిగా తాను కనబడ్డాడు. అంతవరకు చూసేవాడిగా, కిటికీ తెర సందుల్లోంచి ఆమె ఇంటి గుమ్మాన్ని గమనించేవాడిగా ఉన్న బాలుడు, ఇప్పుడు తనే చూడబడే వస్తువయ్యాడు. ప్రతీకలను సృష్టించేవాడు వాటిని చదివేవాడిగా మారడమే వయస్సంధి అయితే, అతడు చదివిన మొదటి ప్రతీక తానే.

ఈ మేలుకొలుపు సంపూర్ణమైనదని భావించడం తొందరపాటు అవుతుంది. తన ప్రేమకు మతభాష తొడిగిన బాలుడు తన భ్రమాభంగానికి కూడా మతభాషనే తొడిగాడు. ఆశపడటాన్ని అహంకారమనే పాపంగా చూసి, మరణించిన మతగురువు స్వరంతో తనను తాను దండించుకున్నాడు. ఆశపడటం నేరం కాదు. ఆలస్యంగా వచ్చిన మామ, మరచిపోయిన మాట, దానధర్మం ముసుగులో సాగిన వ్యాపారం, ఊహలను సరుకుగా మార్చిన సామ్రాజ్యం, ఇవేవీ ఆ తీర్పులో చోటు చేసుకోలేదు. నిందనంతా బాలుడే స్వీకరించాడు. ఒక సమాజం పిల్లలకు చేసే లోతైన అన్యాయం, వారిని నిరాశపరచడం కన్నా, ఆ నిరాశకు వారే బాధ్యులని వారిచేత నమ్మించడం. ఈ కథను ఉత్తమపురుషలో చెబుతున్న ప్రౌఢ కథకునికి ఆ సంగతి తెలుసు. అతడు బాలుని భాషను ఎగతాళి చేయక, దాని సౌందర్యాన్ని అలాగే నిలిపి, దాని చుట్టూ ఉన్న లోకాన్ని కచ్చితంగా చిత్రించి, తీర్పును పాఠకునికి వదిలాడు. కోల్పోయిన అమాయకత్వానికి బదులుగా లభించినది ఈ కథనశక్తే.

అమాయకత్వం తరువాత వచ్చేది ఆగ్రహమూ ఆత్మనిందా మాత్రమేనా అన్న ప్రశ్నకు మరో కథ మరో సమాధానం చెబుతుంది. యూజీనియా కోలియర్ 1969లో ప్రచురించిన ‘మేరీగోల్డ్స్’ కథ, 1929 తరువాతి ఆర్థికమాంద్య కాలంలో, అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలోని పేద నల్లజాతి వాడలో జరుగుతుంది. పెద్దదైన లిజబెత్ తన పద్నాలుగో ఏటిని తలచుకొన్నప్పుడు, ఆమె జ్ఞాపకంలో ఆ ఊరంతా దుమ్ము. ఆ దుమ్ములో మిస్ లాటీ అనే వృద్ధురాలి శిథిలమైన ఇంటి ముందు పెరిగిన బంతిపూలు మాత్రమే రంగు. పిల్లలకు ఆమె మంత్రగత్తె. ఆ పూలపై రాళ్ళు రువ్వడం వారికి ఆట. ఒక రాత్రి, పని దొరకని తన తండ్రి ఏడుస్తుండగా తల్లి ఓదార్చడం లిజబెత్ గోడ అవతల నుంచి వింటుంది. ఇంటికి మూలస్తంభమని నమ్మిన తండ్రి కుప్పకూలగా, తల్లి మెత్తదనమే ఇంటిని మోస్తున్నదని తెలిసిన దిగ్భ్రమలో, ఆమె తెల్లవారక ముందే పరుగెత్తి ఆ బంతిమొక్కలన్నిటినీ పెరికి నాశనం చేస్తుంది. తలెత్తి చూస్తే ఎదురుగా మిస్ లాటీ ఉన్నది. మంత్రగత్తె మాయమై, వికృతమైన లోకంలో ఇంత అందాన్ని పెంచుకోవడానికి సాహసించిన ఒక అలసిన వృద్ధురాలు మిగిలింది.

రెండు కథలనూ పక్కపక్కన ఉంచితే ఈ ఉపన్యాస ప్రతిపాదన మరింత స్పష్టమవుతుంది. డబ్లిన్ బాలుని ప్రతీక బయటి లోకం తాకిడికి భంగమైంది. మేరీలాండ్ బాలిక తండ్రి రూపంలోని ప్రతీక భంగమైన బాధతో మరొకరి ప్రతీకను తన చేతులతో ధ్వంసం చేసింది. బాలుడు చీకటిలో తనను చూసుకున్నాడు గనుక అతనికి దక్కినది ఆగ్రహం. బాలిక వెలుగురాని వేళలో మరొకరి ముఖాన్ని చూసింది గనుక ఆమెకు దక్కినది కరుణ. అమాయకత్వమూ కరుణా ఒకే మనస్సులో ఒకే కాలంలో నిలవలేవని ఆ కథలోని ప్రౌఢ కథకురాలు గ్రహిస్తుంది. ఇతరుల వేదనను లోతుగా ఎరగని స్థితి అమాయకత్వం కాగా, ఎరిగిన తరువాత పుట్టేదే కరుణ. నష్టం అన్న మాట వెనుక ఉన్న లాభాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పిన వయస్సంధి కథలు అరుదు.

ఈ విచారణ నుంచి కథాపఠనానికి సంబంధించిన ఒక నియమం ఏర్పడుతున్నది. వయస్సంధి కథను బోధించేవారు ప్రతీకల అర్థాలను ముందుగా చెప్పివేస్తే, కథలోని బాలుడు అనుభవించిన భంగాన్ని పాఠకుడు అనుభవించే అవకాశాన్ని తొలగించినవారవుతారు. విద్యార్థి మొదట బాలునితో పాటు ఆశపడాలి, సంత వెలుగును నమ్మాలి, ఆపైన ఆరుతున్న దీపాల కింద నిలబడాలి. అప్పుడు మాత్రమే మొదటి పేరాలోని మూసుకుపోయిన వీధి అతని మనస్సులో వెనక్కు వెలుగుతుంది. ధ్వనిని, అర్థం స్ఫురించే క్రమం తెలిసేదిగా, తెలియనిదిగా విభజించిన మన ఆలంకారికులు ఈ కాలధర్మాన్ని గుర్తించారు. అర్థం కంటే ముందు అనుభవం రావాలన్నది కేవలం బోధనాపద్ధతికి సంబంధించిన సలహా కాదు. ఆ ప్రక్రియ స్వభావమే దానిని కోరుతున్నది.

అంతకంటే విస్తృతమైన బాధ్యత సమాజానిది. పిల్లలు ప్రతీకలు లేకుండా పెరగలేరు. తమ ఆశలకు రూపమిచ్చే వస్తువులను, కథలను, మనుషులను పెద్దల లోకం నుంచే ఏరుకుంటారు. జాయిస్ కథలోని పెద్దలు ఆ బాలునికి అందించినవి రెండే: చనిపోయిన విశ్వాసం, అమ్మకానికి పెట్టిన స్వప్నం. రెండూ అతని బరువును మోయలేకపోయాయి. కోలియర్ కథలోని వృద్ధురాలు ఎవరికీ ఏదీ అమ్మలేదు, ఎవరికీ బోధించలేదు. తన దారిద్ర్యం మధ్య శ్రమతో కొన్ని పూలు పెంచింది. అవి నాశనమయ్యాయి, ఆమె మళ్ళీ ఎన్నడూ వాటిని నాటలేదు, అయినా నాశనం చేసిన బాలికే పెద్దదై తన జీవితంలో బంతిపూలు నాటానని చెప్పుకుంటుంది. అంగడి తయారుచేసిన ప్రతీక భంగమైనప్పుడు చేదు మిగులుతుంది. ఒక మనిషి శ్రమతో, ప్రేమతో పెంచిన ప్రతీక భంగమైనప్పటికీ దాని విలువ చూసినవారికి వారసత్వంగా సంక్రమిస్తుంది.

అమాయకత్వాన్ని శాశ్వతంగా కాపాడటం ఏ తరానికీ సాధ్యం కాదు, వాంఛనీయమూ కాదు. ఎదగడమంటే దానిని విడిచి రావడమే. ప్రతి తరమూ తన పిల్లల విషయంలో జవాబు చెప్పుకోవలసినది మరొకటి ఉన్నది: వారి ముందు ఏ ప్రతీకలను ఉంచాము, అవి విరిగిన రోజున వారికి మిగిలేది ఆత్మనిందా, కరుణా? కథాసాహిత్యాన్ని గంభీరంగా చదవడం, చదివించడం ఈ ప్రశ్నను సజీవంగా ఉంచే మార్గాలలో ఒకటి. ఆ మార్గంలో జీవితమంతా నడిచిన ఆచార్యునికి ఈ విచారణ సమర్పితం.